వడియాల బట్ట మీద లెన్సు

ఈ పొద్దున బ్యాంకుకు బయలుదేరే తొందరలో మా తమ్ముడి చిన్న కూతురు అద్దం ముందు నిలబడి, కంట్లో పెట్టుకోబోయిన లెన్సును చింపేసుకుంది. నేను పక్కనే కుర్చీలో కూర్చుని మెంతికూర తెంపుతున్నాను కాబట్టి మొదటి నుంచి చివరి దాకా చూశాను. డబ్బీలోంచి తీసేటప్పుడే అది సగానికి మడతపడి, తనకు తానే అంటుకుపోయి ఉంది. అలాంటప్పుడు దాన్ని అరచేతిలో పెట్టుకుని నాలుగు చుక్కల మందునీళ్లు పోసి ఊరుకుంటే తానే విచ్చుకుంటుంది. ఈ పిల్లకు ఊరుకునే ఓపిక ఎక్కడిది. రంగు వేసుకున్న పొడుగాటి గోళ్లతో రెండు అంచులూ పట్టుకుని, అంటుకుపోయిన ప్లాస్టిక్ సంచి మూతి విడదీసినట్టు లాగింది. ఆగమందామని నేను నోరు తెరిచేలోగా లెన్సు రెండు ముక్కలైంది. అయ్యో అనైనా అనుకుంటుందేమోనని చూశాను. "జాఊ దే, పోనియ్ అత్తమ్మా, ఇంకో జోడుంది" అని, వేలికి అంటుకున్న తడి ముక్కలను చెత్తబుట్టలోకి విదిలించి, కొత్త ప్యాకెట్ విప్పి, నేను ఒక కట్ట మెంతికూర పూర్తి చేసేలోగా రెండు కళ్లతోనూ తయారైపోయింది.

అంతటితో ముగిసిపోవలసిన మాటే. కానీ సోఫాలో కూర్చుని చాయ్ తాగుతున్న తమ్ముడు మరాఠీ పేపరులోంచి తల కూడా ఎత్తకుండా, "మేనత్త చెయ్యే వచ్చింది దీనికి. మా అక్క చేతుల రాయి పెట్టినా చినుగుతది" అన్నాడు. మరదలు నవ్వింది. పిల్ల నవ్వింది. తాను అన్నదానికి తానే ఇంకోసారి నవ్వుకుని తమ్ముడు చాయ్ ముగించాడు. నేను మెంతికూర గిన్నె తీసుకుని కింది భాగంలో ఉన్న నా గదికి వచ్చేశాను.

ఈ మాట పుట్టి నలభై ఏళ్లు దాటింది. పెళ్లిళ్లలో, పండగలకు వచ్చిన చుట్టాల ముందు, నేను రిటైరైన రోజున స్వీట్లు పంచుతున్నప్పుడు కూడా మా తమ్ముడు దీన్ని అన్నాడు. నేను దేన్నీ మరిచిపోనని ఇంట్లో అందరికీ నా మీద ఒక ఫిర్యాదు ఉంది. అది నిజమే, నేను కాదనను. లక్కడ్‌కోట్‌లో జరిగిన ఒక పెళ్లిలో అందరు ముత్తైదువలకూ బొట్టు పెట్టి మా అమ్మను దాటిపోయిన ఆడవాళ్లు ఎవరెవరో, ఏ వరుసలో నడిచారో, ఈనాటికీ చెప్పగలను. నా ఈడు పాఠకుల్లో ఇటువంటి స్వభావం ఉన్నవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు, మరిచిపోవడం చేతకాని మనిషికి అలసట ఎక్కువ. అందరూ ఎప్పుడో దించేసుకున్న మూటలు మనం ఒక్కరమే మోస్తూ ఉంటాం, పైగా అంత బరువు ఎందుకు మోస్తున్నావని మనల్నే అడుగుతారు.

ఇంతకూ చేతుల సంగతి. నా కళ్లు చిన్నప్పటి నుంచీ బాగా చెడ్డవి. చెయ్యి చాచినంత దూరం దాటితే మనుషులు కూడా రంగు మరకల్లా కనిపించేవారు. సీసా అడుగులాంటి అద్దాలు పెట్టుకునేదాన్ని, వాటి బరువుకు ముక్కు మీద రెండు పక్కలా పడ్డ గుంటలు ఇప్పటికీ పోలేదు. మా బాపు గోదావరి అవతల నుంచి బొగ్గు గని పనికి చంద్రపూర్ వచ్చిన మనిషి. అమ్మది విరూర్ దగ్గర పత్తి, మిరప పండించే కుటుంబం, వాళ్లు తాతల కాలం నుంచీ ఇక్కడి వాళ్లే. గని కాలనీలో రెండు గదుల క్వార్టరు, వెనక చిన్న వాకిలి, ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ అన్నిటి మీదా నల్లటి పొర. అట్లా బతుకుతుండగా ఒక రోజు గని లోపల పైకప్పు కూలి బాపు కాలు నలిగిపోయింది. డాక్టర్లు ఆయన ఇక పనికి పనికిరాడని రాసిచ్చారు. అలా రాసిస్తే ఆ ఇంట్లో ఒకరికి నౌకరి ఇచ్చేవారు అప్పట్లో.

నౌకరి తమ్ముడికి ఇప్పించాలనే బాపు అనుకున్నాడు. తమ్ముడు అప్పటికి కాలేజీలో చేరి ఉన్నాడు. వంటింటి గడప మీద కూర్చుని, "బొగ్గు మొఖం నాకద్దు బాపూ. నేను డిగ్రీ చేస్త, ఆఫీసర్నైత. అక్కకియ్యి" అన్నాడు. అప్పుడు వాడి చేతిలో సగం కొరికిన జామకాయ ఉండడం కూడా నాకు గుర్తుంది. డిగ్రీ పూర్తి కాలేదు, ఆఫీసరూ కాలేదు. ఆ తర్వాత "అక్క నా నౌకరి తిన్నది" అని కూడా అన్నాడు. ఆ మాటనూ దాచుకున్నాను గానీ, ఇవాళ దాని జోలికి పోను, ఒక్క మాటకే ఇంత అలసటగా ఉంది.

ఆడవాళ్లను గని లోపలికి పంపరు కాబట్టి నాకు పైన, సర్వే ఆఫీసులో జనరల్ మజ్దూర్ పని ఇచ్చారు. కుండల్లో నీళ్లు నింపడం, నక్షాల చుట్టలు మోయడం. అక్కడ నక్షాలు ఎక్కించే ట్రేసర్లలో ఒకాయన సెలవు మీద పోయినప్పుడు, పని ఆగిపోతున్నదని నా చేతికి కలం ఇచ్చి చూశారు. స్కూల్లో నా డ్రాయింగు బాగుండేది. నేను ఎక్కించిన నక్షాను సర్వేయర్ సాబ్ కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చాలాసేపు చూసి, ఈమెను బల్ల దగ్గర కూర్చోబెట్టండి అన్నాడు. అయితే అది తాత్కాలికమే. వేసవిలో ట్రేడ్ టెస్టు పెడతారు, పాసైతే ఆ కుర్చీ నాకు ఖాయం, తప్పితే లాంప్ రూంలో, అంటే గని దిగేవాళ్లకు తల దీపాలు ఇచ్చే గదిలో, షిఫ్టు డ్యూటీకి పోవాలి. నాకు ఆ కుర్చీ కావాలి. నా జీవితంలో అంతగా కోరుకున్న వస్తువు అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు.

ఆ పని గురించి ఈ కాలం వాళ్లకు చెప్పినా అర్థం కాదు, కంప్యూటర్లు వచ్చి దాన్ని మింగేశాయి. నీలి మెరుపుతో, గంజి పెట్టి బిగించినట్టుండే పల్చటి బట్ట మీద, కింద ఉన్న అసలు నక్షాలోని గని దారులన్నీ ఇంకుతో మళ్లీ గీయాలి. ఇంకు పట్టడానికి ముందు బట్ట మీద సుద్దపొడి చల్లి మెత్తగా రుద్దాలి. ఆ బట్టకు నీళ్లంటే గిట్టదు, ఒక్క చుక్క పడితే కాలిన చర్మంలా అక్కడ పొంగి తెల్లబడిపోతుంది. మా చంద్రపూర్ ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. ఫ్యాను వేస్తే బట్ట ఎగురుతుందని వేయనిచ్చేవారు కాదు. వంగి గీస్తుంటే చెమట నుదుటి మీద నుంచి అద్దాల మీదికి, అద్దాల అంచు నుంచి సరిగ్గా నక్షా మీదికి జారేది. పైగా ఆ మందపు అద్దాల్లో నడిమధ్య తిన్నగా కనిపించే గీత, కొసల దగ్గరికి వచ్చేసరికి విల్లులా వంగినట్టు కనిపించేది.

ఒకనాడు చుక్క పడనే పడింది. మా హెడ్ ట్రేసర్ మరాఠీ మనిషి, కార్మికుల మధ్య ఏళ్ల తరబడి ఉండి మన తెలుగు నేర్చుకున్నాడు. నా భుజం మీదుగా చూసి, "ఏం బాయి, గనిల ఊట పడ్డదా? మేనేజర్ సాబ్‌కు ఫోన్ చెయ్యాల్నా, మోటర్ పంపుమని?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. మాట బాగా పేలిందని ఇప్పుడైతే ఒప్పుకుంటాను, అప్పుడు మాత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. బాపు విషయం అడిగి తెలుసుకుని, కంటి లోపలే పెట్టుకునే మెత్తటి అద్దాలు నాగపూర్‌లో దొరుకుతాయట కదా అని ఎవరి దగ్గరో విన్నది చెప్పి, చంకకర్రతోనే నన్ను వెంటబెట్టుకుని రైలెక్కాడు. "అక్కకు కండ్లల్ల అద్దాలట, నాకు పుస్తకాలకు దిక్కు లేదు" అని మేం బయలుదేరుతుంటే తమ్ముడు వాకిట్లో నిలబడి అన్నాడు. చంకకర్ర మోకాటికి గుచ్చుకుంటుంటే బాపు రైల్లో దారి పొడుగునా కాలు సర్దుకుంటూ ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటించాను, ఆ అద్దాలతో కూడా దూరంవి నాకేం తిన్నగా కనిపించేవి గనక.

అక్కడి కళ్ల ఆసుపత్రిలో లెన్సులు పెట్టడం నేర్పే ఆవిడ మొత్తం ఒక్కసారే చెప్పింది, అదీ గోడ గడియారం వంక చూస్తూ. ఆ చూపును నేను మరిచిపోలేదు గానీ, చెప్పిన మాటలు మాత్రం బంగారం. ఇది గాజు కాదు, నీళ్లు తాగిన పొర, తడిగా ఉన్నంతసేపే దీనికి ప్రాణం, ఆరిందంటే చేప పొలుసులా బిరుసెక్కుతుంది, ఆరినదాన్ని ముట్టుకున్నావో విరిగిందే, ముందు మందునీళ్లలో వేసి పూట పూటంతా నాననివ్వాలి అంది. మామూలు నీళ్లు ఎంత మరిగించినవైనా తగలనివ్వకూడదంది. గోరు ఎప్పుడూ ఆనకూడదు, వేలి కొన మెత్తదనంతోనే తీయాలి, కంట్లోంచి తీసేటప్పుడు నల్లగుడ్డు మీదే గిల్లకుండా ముందు కింది తెల్లభాగంలోకి జరిపి అప్పుడు రెండు వేళ్ల మధ్యకు తీసుకోవాలి. డబ్బీ మూత బిగించే ముందు లెన్సు పూర్తిగా అడుగున మునిగిందో లేదో చూసుకోవాలి, అంచు మీద పడి ఉంటే మూతే దాన్ని కత్తిరించేస్తుంది. ఇవన్నీ ఆమె మరాఠీలో గబగబా చెప్పింది. ఒక్క ముక్క కూడా నా నుంచి జారిపోలేదు.

ఆ లెన్సులను నేను ఎలా చూసుకున్నానో చెబితే మీకు నవ్వొస్తుందేమో. సుద్దపొడి వేలిముద్రల గీతల్లో చిక్కుకుని సబ్బుకు కూడా వదలదు, ఆ గరుకే లెన్సుకు ఆకురాయి అవుతుంది, అందుకని ఆఫీసు నుంచి రాగానే చేతులు నానబెట్టుకుని కూర్చునేదాన్ని. తువ్వాలు నూలు అంటుకుంటుందని పాత నైలాన్ చీర ముక్కతో తుడుచుకునేదాన్ని. కింద పడినా దొరకాలని ఒళ్లో పెద్ద పళ్లెం పెట్టుకునేదాన్ని. ట్రేసర్లందరికీ బొటనవేలి గోరు ఒకటి పొడుగ్గా ఉంటుంది, నక్షాకు గుచ్చిన పిన్నులు లేపడానికి. నేను ఆ గోరు కత్తిరించేస్తే మా హెడ్ ట్రేసర్ "ఇగ పిన్నులు పండ్లతోని పీకుతవా బాయి" అన్నాడు. మర్నాటి నుంచి చెంచా కాడతో లేపాను. ఆ లెన్సులతో మొదటిసారి బల్ల మీదికి వంగినప్పుడు గీత కొస నుంచి కొస దాకా తిన్నగా ఉంది. అంతే, ఇంకేమీ రాయలేను దాని గురించి. సాయంత్రం ఇంటికి వస్తే వాకిట్లో నిలబడిన అమ్మ మొహం దూరం నుంచే కనిపించింది. ఆమె మొహం మీద అంత అలసట ఉందని నాకు అంతవరకూ తెలియదు.

టెస్టు ఎండాకాలంలో పడింది. అది మా ఇంట్లో వడియాల కాలం. అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన జొన్నపిండి, బియ్యప్పిండి కాచి, పాత ధోతీ బట్ట మంచం మీద పరిచి, వరుసగా వడియాలు పెట్టేది. ఎండాక వాటిని తీయడంలో ఆమెకు ఒక పద్ధతి ఉంది. బట్టను తిరగేసి, వెనక నుంచి నీళ్లు చిలకరించి, కాసేపు ఏ పనో చూసుకుని వచ్చేది. అప్పుడు బట్టను కొద్దిగా లాగితే వడియం అంచు చెడకుండా చేతిలోకి ఊడి వచ్చేది. కాలనీలో మరాఠీ ఆడవాళ్లు కూడా తమ కురడయి వడియాలు తీసేటప్పుడు అమ్మను పిలుచుకుపోయేవారు. తొందరపడి పొడిగా పీకితే ముక్కలే మిగులుతాయి బిడ్డా అనేది నాతో. ఆమె చేతిలో వడియం విరగడం నేను చూడలేదు.

టెస్టు రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో అప్పటికే ఎండ మండుతోంది. అమ్మ వడియాల మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. గూట్లో ఉండవలసిన నా లెన్సుల డబ్బీ బూడిదతో తోమి, తళతళలాడుతూ బోర్లించి ఉంది. ఆమె ఏం చేసిందో అడగకుండానే అర్థమైంది. డబ్బీ మూత మరలో సన్నగా బొగ్గుపొడి చేరి ఉంటుంది, బిడ్డ పరీక్షకు పోతున్నది, కళ్లల్లో పెట్టుకునే వస్తువు మురికిగా ఉండకూడదు. కడిగిన ఏ వస్తువునూ తడితో మూతపెట్టకూడదనేది మా ఇంట్లో చట్టం, తడి మీద మూతపెడితే ముక్కిపోతుంది. కాబట్టి డబ్బీని వడియాల బట్ట మీద ఒంపింది. మందునీళ్లను బట్ట తాగేసింది. రెండు పొరలూ బట్ట మీద ఎండాయి. మా ఎండకు వడియానికి ఒక రోజు కావాలేమో గానీ లెన్సుకు అంతసేపు ఎందుకు.

అమ్మ అరచేతిలో ఒక లెన్సు రెండు ముక్కలుగా, ఉల్లిపొర తునకల్లా ఉంది. రెండోది ఇంకా బట్టకు కరుచుకుని ఉంది. ఆమె గొంతు తగ్గించి, "వడియమోలె ఊడొస్తదనుకున్న బిడ్డా. ఎనక నుంచి నీళ్లు చల్లుదామంటే, మామూలు నీళ్లు తగలద్దంటివి గద. గందుకే వట్టిగ తీసిన" అంది.

ఆ మాట నేను ఈ నలభై ఏళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తనకు తెలిసిన మంచి పద్ధతిని నా మాట కోసం పక్కన పెట్టింది. మామూలు నీళ్లు తగలనివ్వద్దని నేను చెప్పింది సరైనదే, ఇప్పుడైనా అదే చెబుతాను, ఆ ముక్క మీద ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఆమె కూడా తప్పేమీ చేయలేదు. కొన్ని నష్టాలకు తప్పు చేసినవాళ్లు దొరకరు. నాలాంటి మనిషికి అంతకంటే బాధ లేదు.

రెండో లెన్సు కింద బట్ట తడిసేలా మందునీళ్లు పోశాను, కాసేపటికి దానికదే మెత్తబడి జారింది, డబ్బీలో వేసి మూతపెట్టాను. కానీ ఆరిపోయినదాన్ని ఆ పూట కంట్లో పెట్టుకోవడానికి లేదు. ఇంతలో లోపలి గదిలోంచి బాపు, "ఏందది? ఏమైంది బయట?" అని అరిచాడు. కాలు పోయినప్పటి నుంచి బాపుకు కోపం ఎప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలిసేది కాదు. పప్పులో ఉప్పు తక్కువైతే కంచం అమ్మ మీదికి విసిరిన రోజులవి. ఆ లెన్సుల కోసం చంకకర్రతో నాగపూర్ దాకా వచ్చిన మనిషి. అమ్మ గుప్పిట మూసింది. "నా చెయ్యి తగిలి లెన్సు చినిగింది బాపూ" అన్నాను.

బాపు నన్ను ఏమీ అనలేదు. అమ్మనైతే అనేవాడు. నోట్లో వేపపుల్లతో అప్పుడే బయటికి వచ్చిన తమ్ముడు మాత్రం ఆగి, విషయం విని, పుల్ల చేతిలోకి తీసుకుని, "అక్క చేతుల రాయి పెట్టినా చినుగుతది" అన్నాడు. అదీ ఆ మాట పుట్టిన చోటు. అమ్మ గుప్పిట ఇంకా మూసుకునే ఉంది.

పాత సీసా అడుగు అద్దాలతోనే టెస్టుకు పోయాను. నుదుటికి రుమాలు కట్టుకున్నాను కాబట్టి చుక్క పడలేదు. నడిమి భాగమంతా బాగానే వచ్చింది. కొసల్లోని దారులు మాత్రం నేను తిన్నగా గీస్తున్నాననుకున్నవే వంకరపోయాయి. సర్వేయర్ సాబ్ నక్షాను మళ్లీ కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు, ఈసారి ఎక్కువసేపు చూడలేదు. హెడ్ ట్రేసర్ వచ్చి నా బల్ల మీది పిన్నులు తానే ఒక్కొక్కటి లేపి డబ్బాలో వేశాడు. ఆ రోజు ఆయన ఏ జోకూ వేయలేదు, అదే నాకు మిగతా అన్నిటికంటే ఎక్కువ అవమానంగా తోచింది. తర్వాతి టెస్టుకు పిలుస్తామన్నారు. పిలవలేదు. దరఖాస్తులు పెట్టాను, పెద్దసార్ల గదుల ముందు నిలబడ్డాను, మళ్లీ పెట్టాను. కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు.

లాంప్ రూంలో అప్పట్లో తల దీపాల బ్యాటరీల్లో యాసిడ్ ఉండేది. చీరలకు చిల్లులు పడేవి, ఆ ఘాటుకు కళ్లు మండేవి, అక్కడ లెన్సులు పెట్టుకునే మాటే లేదు. ఆ మిగిలిన ఒంటి లెన్సుకు చాలాకాలం మందునీళ్లు మార్చాను, ఎందుకు మార్చానో అడగకండి. తర్వాత ఎప్పుడో హాజరు ఆఫీసుకు మారినప్పుడు నా జీతంతో మళ్లీ లెన్సులు చేయించుకున్నాను. రిటైరయ్యేదాకా, కంట్లో శుక్లాలు వచ్చేదాకా పెట్టుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి నా చేతిలో చినగలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఒకసారి సామెత అయిపోయిన మాటకు సాక్ష్యాలతో పని ఉండదు.

అమ్మ ఆ పొద్దుటి గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తమ్ముడు ఆ మాట అన్నప్పుడల్లా ఆమె లేచి ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది. ఇంకొకటి కూడా ఉంది, ఎవరూ పట్టించుకోనిది. ఆ ఎండాకాలం నుంచి అమ్మ గోళ్లు పెరగనివ్వలేదు. వేలి కొసల దగ్గర కందిపోయేంత పొట్టిగా కత్తిరించుకునేది. ముసలితనంలో చూపు ఆనకపోతే ఆదివారం ఆదివారం తమ్ముడి ముందు చేతులు చాచి కూర్చునేది. వాడు ఓపికగా ఒక్కొక్క వేలు పట్టుకుని కత్తిరించేవాడు. ఈ మంచిని కూడా చెప్పాలి, అమ్మను వాడు బాగా చూసుకున్నాడు. "ఇంక ఏడ తియ్యాలె అమ్మా, గోరే లేదు, నెత్తురొస్తది" అని నవ్వేవాడు. "ఉన్నకాడికి తియ్యి కొడుకా" అనేది. నేను ఆ పక్కనే ఉండేదాన్ని. ఆమె నా వంక చూసేది కాదు.

ఈ పొద్దున మెంతికూర గిన్నెతో గదిలోకి వచ్చాక, ఇక చెప్పేద్దామా అనుకున్నాను. అమ్మ లేదు, బాపు లేడు, కంచం విసిరేవాళ్లు లేరు. పైకి పోయి, తమ్ముడా, ఆ లెన్సు నేను చింపలేదు అంటే ఒక్క మాట. కానీ అప్పుడు వాడు ఎవరు చింపారు మరి అంటాడు. చెబితే, అంత నవ్వుతూ వాడు కత్తిరించిన ఆ గోళ్లన్నీ వాడికి గుర్తొస్తాయి. లేదా గుర్తురావు, ఓహో అమ్మనా అని ఆ సామెతను ఆమె పేరు మీదికి మార్చేస్తాడు. రెండూ నాకు ఇష్టం లేదు. చాలామందిని తగిన మాటలు అని ఎదిరించాను, ఎన్నో దరఖాస్తులు రాశాను, ఈ ఒక్క ఫిర్యాదు మాత్రం ఎక్కడా పెట్టలేకపోయాను.

ఇప్పుడు లెన్సులు నెల కాగానే పారేసేవి వచ్చాయి, రోజుకొకటి పారేసేవి కూడా ఉన్నాయట. చినిగితే ఇంట్లో ఎవరి గుండె ఆగదు, ఎవరూ ఎవరి కోసం అబద్ధం ఆడనక్కరలేదు. మంచిదే. నా మేనకోడలు ఆ విదిలించిన ముక్కలను సాయంత్రానికి మరిచిపోతుంది, మరిచిపోవడం దానికి అంత తేలిక, నాకు దాన్ని చూస్తే కోపమూ వస్తుంది, కొంచెం ఈర్ష్యా కలుగుతుంది. నన్ను చిన్నప్పుడు బాపమ్మ దగ్గర ఉంచి గోదావరి అవతల తెలుగు బళ్లో చదివించారు కాబట్టి ఇదంతా ఇలా రాయగలిగాను. తమ్ముడు ఇక్కడే పుట్టి మరాఠీ బళ్లో చదివాడు, తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. వాడి పిల్లలూ అంతే. మా ఇంట్లో నాతోనే ఈ రాత ఆగిపోతుందని ఇన్నాళ్లూ బాధపడేదాన్ని, ఇవాళ మొదటిసారి అది కాస్త నీడలా అనిపించింది. ఈ సంచిక మా ఇంటికి వస్తే తమ్ముడు తిరగేసి బొమ్మలు చూస్తాడు, నా ఫొటో దగ్గర ఆగి, ఏం రాసినవక్కా అని అడుగుతాడు. లెన్సులు చినగకుండా ఎట్ల చూసుకోవాలో రాసిన తమ్మీ అని చెబుతాను.